వైన్ కంట్రీ అంటే బ్రాందీ షాపు కాదమ్మా

2025 ఆగస్టులో మా పెదనాయన కూతురు, అంటే శాన్ హోసేలో ఉండే అక్క, ఫ్యామిలీ గ్రూపులో ఏడు ఫొటోలు పెట్టింది. అక్కా బావా పెళ్ళిరోజుకి లీవు పెట్టి నాపా వ్యాలీకి పోయినారు. ఫొటోల్లో పెద్దగా ఏమీ లేదు. కొండల మధ్య వరసలు వరసలుగా ద్రాక్ష తోట, ఒక చెక్క బల్ల, రెండు గ్లాసులు, బావ కొత్త టోపీ. కింద ఇంగ్లీషులో, వైన్ కంట్రీలో రెండు రోజులు రిలాక్స్ అయ్యామని రాసింది.

అమ్మ మిషన్ మీద జాకెట్టు కుడతా ఫోన్ చూసింది. "వైన్ కంట్రీ అంటే ఏంది పాపా? బ్రాందీ షాపులుండే ఊరా?"

నవ్వొచ్చింది కానీ తప్పు అమ్మది కాదు. మన దగ్గర 'వైన్స్' అని బోర్డున్న చోట వైన్ తప్ప మిగతావన్నీ దొరుకుతాయి. ఇంక ఫొటోని వేళ్ళతో జూమ్ చేసి అమ్మ రెండో మాట అనింది. "కాయ ఇంకా దోరగా ఉండాది. అప్పుడే కొయ్యకూడదే?"

ఆ మాట కరెక్టు. కాలిఫోర్నియాలో జులై చివర, ఆగస్టులో ద్రాక్ష రంగు తిరుగుతుంది. ఒకే గుత్తిలో సగం గింజలు పచ్చగా, సగం ఊదాగా ఉంటాయి. కోత మొదలయ్యేది ఆగస్టు చివర నుంచి, అక్టోబరు దాకా సాగుతుంది. ద్రాక్ష తోట ఒక్కసారి కూడా చూడని మా అమ్మ ఫొటో చూసి అది పట్టేసింది. ఎందుకంటే మాది మామిడి తోట. దామలచెరువు దగ్గర నాలుగెకరాలు, ఎక్కువ భాగం తోతాపురి. దోరకాయ అంటే ఏంటో మా ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పక్కరలేదు.

ఆ రోజు అమ్మకి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నది, అట్లే ఆ నెలలో మా ఇంట్లో జరిగింది కలిపి ఇక్కడ రాస్తున్నా. (మన క్లబ్బులో ఎవరైనా 'వైన్ టేస్టింగ్ రివ్యూ' అనుకుని ఇది తెరిచి ఉంటే సారీ. నాకు పంతొమ్మిది. ఆంధ్రాలో మందు కొనాలంటే ఇరవై ఒకటి ఉండాలి.)

ముందు వైన్ ఎలా అవుతుందో చూద్దాం. ద్రాక్ష గింజలో చక్కెర ఉంటుంది. దాన్ని చిదిపితే ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆ చక్కెర తిని ఆల్కహాలునీ, కార్బన్ డయాక్సైడునీ వదులుతుంది. ఈతచెట్టు నీరా కల్లు అవడం, దోసె పిండి పొంగడం కూడా దాదాపు ఇదే పని. ఎర్ర వైన్‌కి ఎరుపు రసం నుంచి రాదు, తొక్క నుంచి వస్తుంది. చాలా రకాల నల్ల ద్రాక్షని పిండినా రసం తెల్లగానే ఉంటుంది. తొక్కతో కలిపి పులియబెడితే ఎర్ర వైన్, తొక్క తీసేసి పులియబెడితే తెల్ల వైన్. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది.

అసలు సంగతి పులియబెట్టడంలో లేదు, పండులో ఉంది. వైన్ ద్రాక్షకి తీపి ఒక్కటే సరిపోదు, పులుపు కూడా మిగలాలి. పగలు ఎండ తగిలితే చక్కెర పెరుగుతుంది. రాత్రి చల్లబడితే పులుపు నిలుస్తుంది. రాత్రులు కూడా వేడిగా ఉంటే కాయ ఆ పులుపుని ఖర్చు పెట్టేసుకుంటుంది, వైన్ చప్పగా తేలుతుంది. మే నెలలో తిరుపతిలో హాస్టల్ మేడ మీద పడుకున్నవాళ్ళకి ఇక్కడ వైన్ ద్రాక్ష ఎందుకు కష్టమో నేను వేరే చెప్పాల్నా?

ఫ్రెంచి వాళ్ళు 'టెర్వార్' అని ఒక మాట వాడతారు. మన్ను, వాలు, గాలి, వాన అన్నీ కలిసి పండుకిచ్చే గుణం. వినడానికి గొప్పగా ఉంది కానీ మా నాయనకి ఇది ఎప్పుడో తెలుసు. ఎర్ర గరుపు నేల బేనీషాకీ, చెరువు కింది నల్లమట్టి బేనీషాకీ తేడా ఆయన కళ్ళు మూసుకుని చెప్తాడు. (బంగినపల్లిని మా వైపు బేనీషా అంటాం. తోతాపురిని బెంగళూరు కాయ అంటాం. హాస్టల్లో గోదావరి వైపు అమ్మాయిలతో దీని మీద నాకు పెద్ద గొడవే అయింది.)

మరి 'కంట్రీ' ఎట్లా అయింది? నాపా లోయ పొడవు దాదాపు 48 కిలోమీటర్లు, అంతే. ఒకప్పుడు అక్కడ ద్రాక్షతో పాటు ప్రూన్ పండ్లు, వాల్‌నట్ తోటలు చాలా ఉండేవి. 1966లో రాబర్ట్ మొండావి అనే ఆయన అక్కడ పెద్ద వైనరీ కట్టి, వచ్చినవాళ్ళకి తిప్పి చూపించడం, రుచి చూపించడం కూడా వ్యాపారంలో భాగం చేశాడు. 1968లో ఆ కౌంటీ వాళ్ళు లోయలోని వ్యవసాయ భూమిని 'అగ్రికల్చరల్ ప్రిజర్వ్' అని ప్రకటించి, చిన్న చిన్న ప్లాట్లుగా కొయ్యడానికి వీల్లేకుండా చేశారు. అమెరికాలో అట్లాంటిది అదే మొదటిది. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనే ఉన్న లోయ అది, వదిలేసి ఉంటే మొత్తం ఇళ్ళ వెంచర్లు అయ్యేది. తర్వాత 1976లో పారిస్‌లో పేర్లు దాచిపెట్టి పెట్టిన రుచి పోటీలో ఫ్రెంచి జడ్జీలే కాలిఫోర్నియా వైన్‌లకి మొదటి స్థానం ఇచ్చేసరికి ప్రపంచమంతా నాపా పేరు వినింది.

నాకు ఇందులో 1968 సంగతే పెద్దదిగా కనిపించింది. అక్కా బావా అంత ఖర్చు పెట్టి పోయి చూసింది వేరేవాళ్ళ చేను. చేను చేనుగా మిగిలింది కాబట్టే చూడడానికి ఏదో ఉంది. తిరుపతి చుట్టుపక్కల రోడ్డు మీద పోతే చేనుకి రాళ్ళు నాటి, రంగు జెండాలు కట్టి, 'గేటెడ్ కమ్యూనిటీ' అని బోర్డు పెట్టినవి ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి.

ఇంక మనకి దగ్గర్లో వైన్ కంట్రీ ఉందా అంటే, ఉంది. మదనపల్లె దాటి కర్ణాటకలోకి పోతే చిక్కబళ్ళాపురం, నంది కొండ. బజారులో తెలుగు బాగానే వినిపిస్తుంది. నంది కొండ కింద దొడ్డబళ్ళాపురం వైపు కన్వల్ గ్రోవర్ అనే వ్యాపారవేత్త 1988లో ఫ్రెంచి రకాల ద్రాక్షతో తోట మొదలుపెట్టాడు. ఆ నేల సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అందుకే రాత్రులు చల్లగా ఉంటాయి. ఇప్పుడు అక్కడ టూర్ ఉంది, రుచి చూపించడం ఉంది, బెంగళూరు సాఫ్ట్‌వేర్ జంటలు వారాంతాల్లో పోతుంటారు. ఆ ప్రాంతంలోనే బెంగళూరు బ్లూ అనే నల్ల ద్రాక్ష కూడా పండుతుంది, దానికి జీఐ గుర్తింపు ఉంది.

అక్కడ కోత సెప్టెంబరులో కాదు, మన శివరాత్రి అటూ ఇటూ. చలి దేశాల్లో శీతాకాలం తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర దానికి నిద్ర పట్టదు. అందుకే రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఎండాకాలం కత్తిరింపు కొమ్మల కోసం, సెప్టెంబరు అక్టోబరుల్లో కత్తిరింపు కాయ కోసం. వానలు పోయాక కాయ కట్టి, ఎండలు ముదరక ముందే కోతకొస్తుంది. నాసిక్‌లో కూడా ఇదే పద్ధతి. చెట్టు క్యాలెండర్‌నే తిప్పి రాసేశారన్నమాట. నేను కోడ్ రాసే పిల్లని కాబట్టి ఇది నాకు చాలా నచ్చింది.

అమ్మానాయనల పెళ్ళి 2000 శ్రావణంలో జరిగింది. అంటే 2025కి ఇరవై ఐదేళ్ళు. అక్క ఫొటోలు చూసినాక నాకు ఒకటి తట్టింది. వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు. పోలేదంటే, పోయారు. తిరుమల లెక్కలేనన్నిసార్లు, కాణిపాకం, తిరుత్తణి, అరుణాచలం గిరివలం ఒకసారి. అన్నీ మొక్కులే, అన్నిటికీ వెనక పది మంది. నన్ను, తమ్ముణ్ణి, అవ్వని, ఒకసారి పక్కింటి వాళ్ళ పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని. ఇద్దరే, పని లేకుండా, మొక్కు లేకుండా ఊరు దాటింది ఒక్కరోజు కూడా లేదు.

నేను ఇంటర్న్‌షిప్ స్టైపెండు దాచుకున్నాను. నంది కొండ అని ప్లాన్ చెప్పాను. నాయన తిట్టలేదు, నవ్వాడు. "మందు కాచే తావుకి పెండ్లిరోజు పోతారా పాపా?"

ఆ ఏడాది నవ్వడమే గొప్ప. 2025 సీజన్ తోతాపురి రైతులకి ఎట్లా గడిచిందో చిత్తూరు వైపు వాళ్ళకి తెలుసు, మిగతావాళ్ళ కోసం కొంచెం చెప్తా. మనం తాగే మామిడి డ్రింకుల్లో తోతాపురి గుజ్జుది పెద్ద పాత్ర. చిలక ముక్కులాగా కొన తిరిగిన కాయ, పేరులో 'తోతా' అంటే చిలకే. పీచు తక్కువ, గుజ్జు ఎక్కువ, పులుపు కొంచెం ఉంటుంది కాబట్టి డ్రింకుకి బాగా పనికొస్తుంది. చిత్తూరు చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు కాయ కొని, గుజ్జు తీసి, వేడి చేసి, సూక్ష్మజీవులు లేని సంచుల్లో నింపి, డ్రమ్ముల్లో పెట్టి గల్ఫ్‌కీ యూరప్‌కీ పంపిస్తాయి. ఆ ఏడాది కాయ విరగ కాసింది. పాత గుజ్జు ఇంకా గోదాముల్లోనే ఉందని ఫ్యాక్టరీలు కొనడం తగ్గించాయి. ధర పడిపోయింది. ప్రభుత్వం కిలో 12 రూపాయలని నిర్ణయించింది, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ 8 కూడా చేతికి రావడం కష్టమైంది చాలామందికి. మా నాయన ట్రాక్టరు ఒక ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు నిలబడింది. లైన్లో ఉండగానే కింది వరస కాయ మెత్తబడింది. తోతాపురి తొక్క మందం, తొందరగా చెడదు, అయినా రెండు రాత్రులు ఎండా వానా అంటే ఏ కాయైనా ఏం చేస్తుంది?

ద్రాక్షకీ మామిడికీ తేడా నాకు అక్కడ కనిపించింది. రెండూ పండే. రెండూ కోశాక రోజుల్లో గుజ్జో రసమో కావలసిందే, లేకపోతే వృథా. కానీ వైన్ సీసా మీద ఊరి పేరు ఉంటుంది, తోట పేరు ఉంటుంది, కోసిన సంవత్సరం ఉంటుంది. మామిడి డ్రింకు సీసా మీద మా తోట పేరు కాదు కదా, దామలచెరువు పేరు కూడా ఉండదు. ఎక్కడి కాయైనా ఒకటే డ్రమ్ము. పేరు లేని సరుకుకి బేరం చేసే బలం ఉండదు. నాపాకి జనం చేను దగ్గరికే పోయి కొంటారు. మా దగ్గరికి కాయల కాలంలో వచ్చేది దళారీ ఒక్కడే.

మామిడి చూడటానికి ఎవరొస్తారు అంటారేమో. అరకుకి ఎందుకు పోతున్నారు? కాఫీ తోటలు చూసి, అక్కడే కూర్చుని కాఫీ తాగడానికి. అరకు అరబికాకి 2019లో జీఐ వచ్చింది, ఇప్పుడు కప్పు మీద ఊరి పేరు ఉంది. మా వైపు జూన్‌లో తోట కింద పొద్దున్నే కూర్చుంటే ఎట్లా ఉంటుందో మీకు తెలియదు. బేనీషా, ఖాదర్, ఇమాం పసంద్, మల్గోవా, నీలం ఒక్కో వారం ఒక్కోటి మాగుతుంది. గడ్డి పరిచిన గదిలో తలుపు తీస్తే వచ్చే వాసనకి ఏ టేస్టింగ్ రూమూ సరిపోదు. ఇది పక్షపాతమే, ఒప్పుకుంటా.

క్లబ్బులో చేరాక నేర్చుకున్న ఒక మాట ఇక్కడ చెప్పాలి. నేను పదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం, తెలుగు పద్యాలు పరీక్ష కోసం బట్టీ పట్టిన బ్యాచ్. మన పాత వాళ్ళు కవిత్వాన్ని పాకాలుగా చెప్పారట. నోట్లో వేసుకోగానే కరిగేది ద్రాక్షాపాకం, తొక్క తియ్యాల్సింది కదళీపాకం, పగలగొట్టాల్సింది నారికేళపాకం. మామిడిపాకం మాత్రం ఎందుకు లేదో! ద్రాక్ష తోటలు ఎన్నడూ చూడని కవులు కూడా ద్రాక్షకే ఫస్ట్ ర్యాంకు ఇచ్చినట్టున్నారు. ద్రాక్షారామం అనే ఊరి పేరులో కూడా ద్రాక్ష లేదు, దక్షుడు ఉన్నాడు. దక్షారామం నోట్లో తిరిగి తిరిగి అట్లా అయింది.

సరే, నంది కొండ కాదు. అప్పుడు నాకు గుర్తొచ్చింది హార్స్‌లీ హిల్స్. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకుపోయారు. ఇది మన పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె నుంచి ముప్పై కిలోమీటర్లలోపు. ఎత్తు దాదాపు 1265 మీటర్లు. ఎత్తు ఒక కిలోమీటరు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. తిరుపతి 160 మీటర్ల దగ్గర ఉంది. తేడా 1100 మీటర్లు, అంటే ఏడు డిగ్రీలు. ఏసీ బిల్లు లేకుండా ఏడు డిగ్రీలు. నంది కొండ కింద ద్రాక్షకి దొరికే చలువ లాంటిదే ఇక్కడ మనుషులకి దొరుకుతుంది. ఆగస్టులో అయితే మబ్బు కిందికి దిగి రోడ్డు మీదే తిరుగుతుంటుంది.

డబ్ల్యూ. డి. హార్స్‌లీ కడప కలెక్టరుగా చేసిన ఇంగ్లీషాయన. 1860లలో ఇక్కడ వేసవికి ఇల్లు కట్టుకున్నాడు. కడప కలెక్టరుకి ఇక్కడేం పని అంటే, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు మదనపల్లె కడప జిల్లాదే.

నాయన ఏమీ అనలేదు. అమ్మ అడిగింది, "ఆడ ఏ దేవుడుండాడు?"

ఉంది. ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లని ఏనుగులు సాకాయనీ, ఆమె కొండ మీది వాళ్ళకి జబ్బులు నయం చేసేదనీ, ఒకరోజు కనపడకుండా పోయిందనీ చెప్తారు. ఆమెకి గుడి ఉంది. నేను ఆ ఒక్క పాయింటు పట్టుకున్నాను. "మల్లమ్మ ఉంది మా. దండం పెట్టుకుని రాండి."

అమ్మ ఒప్పుకుంది. పక్కింటి పిన్ని అడిగింది, "ఇద్దురే పోతాండారా?" అమ్మ సిగ్గుపడి, "మొక్కుండాది లే" అనింది. ఏ మొక్కూ లేదు. ఇరవై ఐదేళ్ళు కాపురం చేసిన మనుషులు ఇద్దరే బస్సెక్కడానికి ఒక అబద్ధం కావాల్సి వచ్చింది. అక్కకి ఫొటోలు పెట్టడానికి ఏ సాకూ అక్కరలేకపోయింది కదా అనిపించింది. అయితే అక్క కూడా పెళ్ళికి ముందు మా తోటలో జాకెట్టు కొంగున కాయ దాచుకుని తిన్న పిల్లే. దూరం పోతే సిగ్గు తగ్గుతుందేమో.

పీలేరు, వాల్మీకిపురం మీదుగా మదనపల్లె, అక్కడి నుంచి కొండ మీదికి ఇంకో బస్సు. టూరిజం వాళ్ళ హరిత రిసార్టులో ఒక రాత్రికి రూము బుక్ చేశాను. నేను పోలేదు, పోతే అది వాళ్ళ ట్రిప్ కాదు. తమ్ముణ్ణి, అవ్వని, ఆవుని చూసుకుంటా ఇంట్లోనే ఉన్నా. మీలో ఎవరైనా పంపించాలనుకుంటే రెండు మాటలు. మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలో పెద్ద వాటిలో ఒకటి, దారిలో కొంచెం సేపు ఆగండి. కొండ కింద రిషి వ్యాలీ స్కూలు ఉంది, అది పెట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలోనే పుట్టారు. ఠాగూర్ 1919లో జనగణమనని ఇంగ్లీషులోకి మార్చింది మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలోనే. మా అమ్మానాయనలు ఇవేవీ చూడలేదు, అది వేరే విషయం.

వాళ్ళు ఏం చేశారో అమ్మ ముక్కలు ముక్కలుగా చెప్పింది. చిత్రాన్నం, ఊరగాయ కట్టుకుపోయింది. రిసార్టులో భోజనం ఉంటుందని నేను చెప్పినా వినలేదు. మల్లమ్మకి టెంకాయ కొట్టారు. సాయంత్రం గాలిబండ దగ్గర కూర్చున్నారు. పేరుకి తగ్గట్టు అక్కడ గాలి మనిషిని తోసేస్తుంది. కింద లోయ, దూరంగా చెరువులు. "ఎంతసేపు కూర్చున్నారు మా?" అంటే, "తెలీదు. చీకటిపడింది" అనింది.

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏమీ లేదు. మీ నాయన ఒకసారి, 'ఇదో, ఆ తావు చూడు, ఆడ మామిడి పెడితే బాగా వస్తాది' అన్నాడు. అంతే."

రాత్రి చలి వేసిందంట. నాయన తువ్వాలు ఇచ్చాడంట. అది చెప్పేటప్పుడు అమ్మ మిషన్ ఆపేసింది. నేనూ ఇంకేమీ అడగలేదు.

రెండో రోజు మధ్యాహ్నం దాకా ఉండాల్సింది, పొద్దున్నే బయల్దేరి వచ్చేశారు. ఆవు ఈనే టైమని నాయనకి గుబులు. ఆవు ఇంకో తొమ్మిది రోజులకి గానీ ఈనలేదు.

గాలిబండ మీద ఎవరో కాలేజీ పిల్లల్ని అడిగి తీయించుకున్న ఫొటో ఒక్కటే ఉంది. అమ్మ కొంగు గాల్లో ఎగిరి నాయన ముఖం సగం కప్పేసింది. నేను దాన్నే గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో శాన్ హోసే నుంచి అక్క మెసేజ్ వచ్చింది. "చిన్నాయనా, ఎక్కడిది ఇది? ఎంత బాగుంది!"

నాయనకి టైపింగ్ రాదు. వాయిస్ మెసేజ్ పెట్టాడు. మొత్తం నలభై సెకన్లు. అందులో ముప్పై సెకన్లు ఆ రోజు మదనపల్లెలో టమోటా బాక్సు రేటు.